ముడుపు కట్టి బోనం ఎత్తుదాం

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి ఎంత అన్న లెక్కలన్నీ నివేదిక పుస్తకంలో ఉన్నాయి. వాటిని మళ్ళీ చదివి మీ టైం తీసుకోము. ఇయ్యాల మేము మాట్లాడదలచుకున్నది ఒక్కటే సంగతి. వచ్చేది ఆషాఢం. ఆషాఢం అంటే బోనాలు. బోనాలంటే మన అందరి ఇండ్లల్ల సంబురం. కానీ ఆ సంబురం అయిన మరుసటి నెల మన మీటింగుల్లో ఒక మాట ఎక్కువ వినబడతది. "ఈ నెల కిస్తీ కట్టలేను అక్కా, పండుగకు అప్పు అయింది" అంటరు. అందుకే ఈసారి పండుగ అయినంక కాదు, పండుగకు ముందే మాట్లాడుకుందాం అనుకున్నాం.

ముందుగానే ఒకటి చెప్తున్నాం. పండుగ బంద్ పెట్టమని చెప్పడానికి మేము నిలబడలేదు. మేమూ బోనం ఎత్తేవాళ్ళమే. పండుగ చెయ్యాలి, మంచిగా చెయ్యాలి. కాకపోతే అప్పు చెయ్యకుండా ఎట్ల చెయ్యాలన్నదే మన ముచ్చట.

అమ్మ అడిగింది ఏంది?

భోజనం అన్న మాటే మన నోట్లో బోనం అయింది. అంటే అమ్మకు అన్నం పెట్టుడు. కుండ కడిగి, పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, మెడకు వేపరెమ్మలు కడతాం. లోపల మనం వండిన అన్నం. కొందరు పాలు, బెల్లం వేసి వండుతరు. కొందరు పెరుగన్నం పెడతరు. పైన దీపం వెలిగించి నెత్తిన పెట్టుకుని, డప్పు ముందు నడుస్తుంటే అమ్మ గుడికి పోతాం. సాక పోస్తాం. ఒడిబియ్యం పోస్తాం. ఇంటిల్లిపాదినీ, పాడినీ పంటనూ చల్లగ చూడమని మొక్కుతాం.

ఈ పండుగలో పెద్ద పెద్ద గోపురాలు అక్కరలేదు. పోచమ్మ వేపచెట్టు కింద ఉంటది. కట్టమైసమ్మ చెరువు కట్ట మీద ఉంటది. చాలా ఊళ్లలో కుమ్మరి, చాకలి, బైండ్ల కులాల వాళ్ళే ఆ తల్లులకు పూజ చేస్తరు. బోనం ఎత్తేది ఆడవాళ్ళు. వంట మనది, కుండ మనది, నెత్తి మనది. మన చేతి వంటనే నేరుగా దేవత ముందుకు పోయే పండుగ ఇది. అందుకే మనకు ఇది అంత దగ్గర.

ఇది ఎట్ల మొదలైందో కూడా ఒకసారి గుర్తు చేసుకుందాం. లష్కర్ బోనాలకు, అంటే సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాలకు ఒక చరిత్ర చెబుతారు. 1813లో జంట నగరాల్లో మహమ్మారి వచ్చి జనం పిట్టల్లా రాలిపోయారు. అప్పుడు సురిటి అప్పయ్య అనే ఆయన సైన్యంలో డోలీ మోసే పని మీద ఉజ్జయినిలో ఉన్నాడు. ఇక్కడి సంగతి తెలిసి అక్కడి మహంకాళి అమ్మకు మొక్కుకున్నాడు. రోగం తగ్గితే మా ఊళ్ళో నీకు గుడి కడతా తల్లీ అన్నాడు. తిరిగి వచ్చి 1815లో కర్రతో చేసిన అమ్మవారి విగ్రహాన్ని ప్రతిష్ఠించాడు. డోలీ మోసే మనిషి తన శక్తికి తగ్గట్టు పెట్టింది కర్ర విగ్రహం. దాన్నే అమ్మ తీసుకుంది.

పాతబస్తీ లాల్ దర్వాజలో ఇంకో ముచ్చట చెబుతారు. 1908లో మూసీకి పెద్ద వరద వచ్చినప్పుడు ఆనాటి నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ బంగారు చాటలో పసుపు, కుంకుమ, ముత్యాలు పెట్టి మూసీకి సమర్పించాడని పెద్దలు అంటరు. ఆయన రాజు. ఆయన ఖజానాలో బంగారం ఉంది, బంగారు చాట పెట్టిండు. అప్పయ్య దగ్గర కర్ర ఉంది, కర్ర విగ్రహం పెట్టిండు. మన అవ్వల దగ్గర సోలెడు బియ్యం ఉన్నాయి, అన్నం వండి పెట్టిండ్రు. ముగ్గురూ తమ దగ్గర ఉన్నదే ఇచ్చారు. వడ్డీకి తెచ్చి ఇచ్చారని ఏ కథలోనూ లేదు.

2014లో రాష్ట్ర ప్రభుత్వం బోనాలను రాష్ట్ర పండుగగా ప్రకటించింది. గోల్కొండ జగదాంబికతో మొదలై, లష్కర్, లాల్ దర్వాజ దాకా ఆషాఢమంతా నగరం పసుపు వాసనతో నిండిపోతుంది. జిల్లాల్లో కొన్ని ఊళ్లు ఆషాఢంలో, కొన్ని శ్రావణంలో, ఆనవాయితీని బట్టి మరికొన్ని వేరే నెలల్లో చేసుకుంటాయి. ఎక్కడ చేసినా అమ్మ ముందు పెట్టేది ఆ కుండెడు అన్నమే.

అప్పు ఎక్కడి నుంచి వస్తుంది?

ఒక ఇంటి లెక్క వేద్దాం. ఇది ఏ ఒక్కరి ఇంటి లెక్కా కాదు, ఉదాహరణకు చెప్తున్నాం. కుండ, బియ్యం, బెల్లం, పాలు, పసుపు, నూనె అన్నీ కలిపితే బోనం ఖర్చు కొన్ని వందల్లో అయిపోతది. ఇంక యాటకు 12,000 అనుకుందాం. సీసాలకు 3,000. బట్టలకు 3,000. చందాకు, చుట్టాల రాకపోకలకు 2,000. మొత్తం 20,000 పైనే. ఇందులో అమ్మ కోసం నెత్తిన మోసింది కొన్ని వందలు. మిగతాదంతా మన పరువు కోసం మోసింది.

ఈ 20,000 చేతిలో ఉంటే ఎవరూ ఏమీ అనరు. కానీ ఆషాఢం ఎప్పుడు వస్తుందో చూడండి. యాసంగి వడ్ల పైసలు అప్పటికే అయిపోయి ఉంటాయి. వానాకాలం విత్తనాలు, ఎరువులు కొనేది అప్పుడే. బడి తెరిచి పిల్లల ఫీజులు, పుస్తకాలు కొనేది అప్పుడే. నాట్ల కూలి ఇంకా మొదలు కాదు. ఏడాది మొత్తంలో ఇంట్లో పైసలు లేని నెలల్లో పండుగ వస్తుంది. అందుకే వడ్డీకి ఇచ్చేవాళ్ళ ఇంటి ముందు ఆషాఢంలో మనుషులు ఎక్కువ కనబడతరు.

నూటికి ఐదు రూపాయల వడ్డీకి 20,000 తెస్తే నెలకు 1,000 వడ్డీ. ఏడాదికి 12,000. అసలు అట్లనే ఉంటది. ఆ 12,000 ఎంత? ఒక యాట ధర. అంటే అమ్మ పేరు మీద ఒక యాటను కోసినం, వడ్డీకి ఇచ్చినాయనకు ఇంకో యాట ఇచ్చినం. మళ్ళీ ఆషాఢం వచ్చేసరికి పాత అప్పు తీరకముందే కొత్త అప్పు. అదే 20,000 మన సంఘంలో నూటికి రూపాయి వడ్డీకి తీసుకుంటే నెలకు 200, ఏడాదికి 2,400. తేడా ఎంతో మీరే చూడండి. అయినా పండుగకు సంఘం అప్పు కూడా మంచిది కాదు. సంఘం అప్పు బర్రె కొనడానికి, కుట్టు మిషన్ కొనడానికి, పిల్ల చదువుకు పోవాలి. ఒక్క పూటలో తిని కడిగేసే దానికి పోతే తిరిగి కట్టడానికి ఆదాయం ఎక్కడి నుంచి వస్తది?

మన మండలంలో ఒక చెల్లె ఒప్పుకుంటేనే ఈ మాట చెప్తున్నాం, పేరు చెప్పము. పోయిన ఏడు ఆమె ఇంట్లో బోనాల కోసం బయట వడ్డీకి తెచ్చారు. తెమ్మన్నది ఆమె కాదు, ఇంట్లోవాళ్ళు. కట్టాల్సింది మాత్రం ఆమే అయింది. రెండు నెలలకు పిల్లగానికి జ్వరం వచ్చి దవాఖానలో పెట్టవలసి వచ్చింది. అప్పటికే వడ్డీ కట్టడానికి సంఘం కిస్తీలు ఆపింది. కిస్తీలు ఆగినందుకు కొత్త అప్పు అడగడానికి ఆమెకు మొహం చెల్లలేదు. చివరికి తోటి సభ్యులే తలా కొంత వేసుకుని దవాఖాన బిల్లు కట్టారు. పిల్లగాడు బాగానే ఉన్నాడు. కానీ ఒక్కటి ఆలోచించండి. ఈ పండుగ పుట్టిందే రోగాల నుంచి ఊరిని కాపాడమని. వానలు పడ్డంక వచ్చే జ్వరాల కాలంలోనే మన పెద్దలు వేపాకు, పసుపు నీళ్ళు ఊరంతా చల్లించారు. లష్కర్‌లో రంగం చెప్పేటప్పుడు కూడా జనం అడిగేది వానల గురించి, పంటల గురించి, రోగాల గురించే. అసువంటి పండుగ చేసి, పిల్లకు జ్వరమొస్తే దవాఖానకు పైసలు లేకుండా చేసుకుంటే అమ్మ మెచ్చుతదా?

ఆషాఢంలో అమ్మవారు పుట్టింటికి వస్తదని మన నమ్మకం. కొత్తగా పెళ్ళయిన ఆడబిడ్డలు కూడా ఆ నెలలోనే పుట్టింటికి వస్తరు. అమ్మను మనం బిడ్డలెక్కనే చూసుకుంటాం. పసుపు పెడతాం, గాజులు పెడతాం, ఒడి నింపుతాం. మరి పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ ఏం కోరుతది? అమ్మ చేతి ముద్ద కోరుతది. తను వచ్చినందుకు అమ్మ అప్పుల పాలైందని తెలిస్తే ఆ ముద్ద ఆమె గొంతు దిగుతదా? మనింటి బిడ్డ మనసు మనకు తెలుసు. దేవత మనసు కూడా అంతే అనుకుందాం.

సీసా ఖర్చు, చందా లెక్క

ఇంక రెండు విషయాలు గట్టిగా చెప్పాలి. ఒకటి సీసాలు. సాక పోసుడు ఆచారమే. కొన్ని ఊళ్లలో పసుపు, వేపాకు కలిపిన నీళ్ళు, కొన్ని ఊళ్లలో కల్లు పోస్తరు. అది చెంబెడు. అమ్మకు చెంబెడు పోసి, ఆమె పేరు చెప్పి పెట్టెలు పెట్టెలు దించుడు ఏ ఆచారం? ఆ రాత్రి ఇంట్లో జరిగే లొల్లి, తెల్లారి పగిలిన గాజులు మనకే తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న మామూలు ఆడవాళ్ళు సారా దుకాణానికి ఎదురు నిలిచారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది. ఆ నెల్లూరు అక్కలే సారాకు పోకుండా మిగిలిన పైసలను రోజుకు రూపాయి చొప్పున దాచారు. దానికి పొదుపు లక్ష్మి అని పేరు పెట్టుకున్నారు. ఇయ్యాల మనం చేసే పొదుపుకు అది పెద్దక్క లాంటిది. తాగుడు నుంచి మిగిలిన రూపాయే మన సంఘాలకు ఒక మూలమైతే, పండుగ నాడు ఆ రూపాయిని మళ్ళీ సీసాలో పోసుడు మనకు తగదు.

రెండోది చందా. ఊరి పండుగకు ఇంటికింత అని చందా వేస్తరు. ఉన్నవాళ్ళకూ అంతే, కూలి చేసుకునే ఒంటరి మహిళకూ అంతే. ఎంత వసూలైంది, దేనికి ఎంత పెట్టిండ్రు అని అడిగితే "దేవుని సొమ్ముకు లెక్కలేంది" అంటరు. మనం నెలకు కట్టే పొదుపుకు సంతకం పెడతాం. పది రూపాయల జరిమానాకు కూడా పుస్తకంలో రాస్తాం. దేవుని సొమ్ముకైతే ఇంకా మంచిగా రాయాలి కదా! డప్పు కొట్టే అన్నకు, కుండలు చేసే కుమ్మరి ఇంటికి, తొట్టెల కట్టేవాళ్ళకు పోయే పైసలను మేము ఖర్చు అనము. అవి ఊళ్ళోనే నాలుగు పొయ్యిలు వెలిగిస్తాయి. తెల్లవార్లూ మోగే డీజేకు, మనుషుల ఫోటోలతో కట్టే ఫ్లెక్సీలకు పోయేదాన్నే ఖర్చు అంటున్నాం. ఊరి పండుగ కమిటీలో ఇద్దరు సంఘం మహిళలు కూర్చోవాలి. చందా ఇంటి శక్తిని బట్టి ఉండాలి. పండుగ అయిన వారంలోపు లెక్క రాసి గ్రామ పంచాయతీ గోడకు అంటించాలి. బోనం ఎత్తేది మనమైనప్పుడు లెక్క అడిగేది కూడా మనమే.

ముడుపు

ఇంక మార్గం ఏంది? కొత్తది కాదు, మన ఇండ్లల్ల ఉన్నదే. మన అవ్వలు మొక్కు మొక్కుకున్ననాడు ఏం చేసేది? పసుపు బట్టలో రూపాయి బిళ్ళ పెట్టి ముడేసి దేవుని గూట్లో పెట్టేది. దాన్నే ముడుపు అంటాం. చేతిలో పైసలు ఆడినప్పుడల్లా అందులో కొంత కలిపేది. నిండినాక మొక్కు తీర్చేది. ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు. ముడుపు కట్టిన మొక్కు ఆలస్యమైతే అమ్మ కోపగించదని వాళ్ళ నమ్మకం. ముందు కూడబెట్టు, తర్వాత పండుగ చెయ్యి అన్న నీతి అందులోనే ఉంది. మనం నడుమ ఆ వరుస తిప్పేసినం. ముందు పండుగ, తర్వాత కట్టుడు అన్నట్టు చేసినం.

అందుకే ప్రతి సంఘంలో పండుగ ముడుపు పెట్టుకోవాలని పాలకవర్గం ప్రతిపాదిస్తున్నది. దాని పద్ధతి ఇట్ల ఉంటది.

మొదటిది, ఇష్టమున్నవాళ్ళే కట్టాలి. బలవంతం లేదు. నెలకు 50 నుంచి ఎంతైనా కట్టవచ్చు. నెలకు 100 కడితే ఏడాదికి 1,200. నెలకు 300 కడితే 3,600.

రెండోది, నెలనెలా పొదుపుతో దీన్ని కలపొద్దు. సంఘం పుస్తకంలో వేరే పేజీ, సభ్యురాలి పాసుపుస్తకంలో వేరే వరుస ఉండాలి. కట్టిననాడే రాయాలి.

మూడోది, ఎవరి ఇంట్లోనూ డబ్బాలో పెట్టొద్దు. సంఘం బ్యాంకు ఖాతాలో వేయాలి.

నాలుగోది, నడుమ తీసుకునుడు దవాఖాన ఖర్చుకు మాత్రమే. అది కూడా మీటింగులో చెప్పి తీసుకోవాలి. పిల్ల జ్వరానికి ముడుపు విప్పితే అమ్మ ఏమీ అనదు.

ఐదోది, పండుగకు వారం ముందు మీటింగులో అందరి ముందు సభ్యురాలి చేతికే ఇవ్వాలి. ఇంటి నుంచి ఇంకెవరు వచ్చి అడిగినా ఇవ్వొద్దు.

మన సంఘాల్లో ముస్లిం అక్కలు, క్రైస్తవ చెల్లెళ్ళు ఉన్నారు. వాళ్ళు ఇదే పద్ధతిలో రంజాన్‌కు, క్రిస్మస్‌కు కట్టుకోవచ్చు. పండుగ ఏదైనా అప్పు అప్పే.

కొందరు అక్కలు మమ్మల్ని అడిగారు, "నెలకు వంద కడితే ఏడాదికి వచ్చేది పన్నెండు వందలే కదా, దాంతో యాట వస్తదా" అని. రాదు. దాంతో బోనం వస్తది, బిడ్డకు ఒక చీర వస్తది, కిలోనో రెండు కిలోలో కూర వస్తది. నలుగురు కలిసి ఒక యాటను పంచుకుంటే అందరి ఇండ్లల్ల కూర ఉడుకుతది. యాట మొక్కు ఉన్నవాళ్ళు రెండేండ్లు, మూడేండ్లు ముడుపు కట్టి ఆ ఏడు తీర్చుకోవచ్చు. మొక్కు అమ్మకూ మనకూ నడుమ ఉన్న మాట. దాని నడుమకు వడ్డీ వ్యాపారిని తీసుకురావద్దు.

ఇంకొకరు అడిగారు, "చుట్టాలు ఏమనుకుంటరు, పక్కింట్ల యాట కోసి మనం కొయ్యకపోతే పరువు పోదా" అని. ఇది నిజమైన బాధ, తేలికగా తీసెయ్యము. ఒక్క ఇల్లు తగ్గిస్తే ఆ ఇంటిని అంటరు. పది మంది సభ్యుల సంఘం మొత్తం ఒక మాట మీద ఉంటే ఎవరిని అంటరు? ఊళ్ళో ఉన్న సంఘాలన్నీ ఒక మాట మీద ఉంటే ఇంక అనేవాళ్ళే ఉండరు. ఒక్కదానివైతే ఊరు వేలు చూపిస్తది, పది మందివైతే ఊరు దారి ఇస్తది. అందుకే ఇది ఇంటింటికి చెప్పే సలహాగా కాకుండా సంఘాల తీర్మానంగా రావాలంటున్నాం. గ్రామ సంఘం ఆధ్వర్యంలో అందరం ఒకేసారి, ఒకే డప్పు వెనుక బోనాలు ఎత్తుదాం. ఒంటరి మహిళలైనా, భర్త లేనివాళ్ళైనా అదే వరుసలో, మన పక్కనే నడవాలి. అమ్మ ముందు కుండలన్నీ ఒక తీరే ఉంటాయి. ఏ కుండ కింద అప్పు ఉందో, ఏ కుండ కింద లేదో పైకి కనబడదు. మోసే నెత్తికే ఆ బరువు తెలుస్తది.

ఈ తీర్మానం ఇయ్యాల సభ ముందు పెడుతున్నాం. ఒప్పుకుంటే ప్రతి గ్రామ సంఘం వచ్చే మీటింగులోనే ముడుపు పేజీ తెరవాలి. ఈ ఆషాఢానికి పెద్దగా కూడదు, అది మాకు తెలుసు. అందుకే ఈసారికి ఒక్కటే అడుగుతున్నాం. బోనాల కోసం బయట వడ్డీకి ఎవరూ తేవద్దు. తెస్తామని ఇంట్లో అంటే "సంఘంలో తీర్మానం అయింది" అని చెప్పండి. మీ ఒక్కరి మాట కాదంటే సంఘం మొత్తం వచ్చి మీ వాకిట్ల కూర్చుంటం. వచ్చే ఆషాఢానికి మాత్రం ముడుపు విప్పి, దాంతోనే బోనం వండుదాం. బోనాల మరుసటి నెల మీటింగులో అన్ని సంఘాల కిస్తీలు తారీఖుకే కట్టినట్టు రాసుకుందాం.

తీర్మానానికి ఒప్పుకునే వాళ్ళు చేతులెత్తండి. అనుమానాలు ఉన్నవాళ్ళు లేచి అడగండి, చెప్తాం.